యజమాని ఎవరు? గృహలక్ష్మి సొమ్ము, ఇంటి గుట్టు, చట్టం మాట

కర్ణాటకలో ప్రభుత్వ అర్జీలు నింపే తెలుగువారిని మొదట తడబాటుకు గురిచేసే మాట ‘యజమాని’. తెలుగులో ఆ మాట వినగానే పురుషుడే స్ఫురిస్తాడు. స్త్రీని సూచించవలసి వస్తే యజమానురాలు అంటారు. అద్దె ఇళ్లలో కాపురముండేవారికైతే ‘ఇంటి యజమాని’ అంటే నెలనెలా అద్దె వసూలు చేసుకొనే ఆసామి. కన్నడంలో అలా కాదు. పురుషుడు ‘యజమాన’, స్త్రీ ‘యజమాని’. ఒక్క ఇకారంతో మాట మగవాని నుండి ఆడదానికి మారిపోతుంది. గృహలక్ష్మి పథకపు ప్రకటనల్లో ‘మనెయ యజమాని’ అని ఉన్నచోట ఉద్దేశించినది భర్తను కాదు, అద్దె ఇంటి ఆసామిని అసలే కాదు. ఆ ఇంట రేషన్ కార్డుపై పెద్దగా నమోదైన స్త్రీని.

ఇది కేవలం భాషకు సంబంధించిన చిక్కు అయితే ఒక్క వాక్యంతో తీరిపోయేది. కానీ ఆ సొమ్ము ఇంటికి చేరిన తరువాత కూడా అదే ప్రశ్న మరో రూపంలో నిలిచి ఉంటుంది. ఖాతా భార్య పేరిట ఉన్నది, యజమాని ఎవరు? కార్డుపై అత్తగారి పేరు ఉన్నది, యజమాని ఎవరు? ఆ ప్రశ్నకు సమాధానం కొన్ని ఇళ్లలో మాటలతో తేలుతుంది, మరికొన్ని ఇళ్లలో చేతులతో తేలుతుంది. బెంగళూరులోనూ చుట్టుపక్కల పట్టణాలలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు సంగతులూ, అంటే సంక్షేమ పథకం ఏమి చెబుతున్నది, గృహహింస నిరోధక చట్టం ఏమి చెబుతున్నది అన్నవి, కలిపి తెలియవలసిన అవసరం అందువల్లనే కలుగుతున్నది.

గృహలక్ష్మి పథకం 2023 ఆగస్టు 30న మైసూరులో ప్రారంభమైంది. కుటుంబ పెద్ద అయిన స్త్రీకి నెలకు 2000 రూపాయలు నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో జమ చేయడం దీని స్వరూపం. ఆమె గాని ఆమె భర్త గాని ఆదాయపు పన్ను చెల్లించేవారైనా, జి.ఎస్.టి. రిటర్నులు దాఖలు చేసేవారైనా అర్హత ఉండదు. బెంగళూరు వన్, కర్ణాటక వన్ కేంద్రాలలో నమోదు చేసుకోవచ్చు.

పథకం ప్రకటించిన రోజుల్లోనే కర్ణాటక అంతటా ఒక వాదం చెలరేగింది. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ ఉంటే సొమ్ము ఎవరికి? దీనికి సమాధానం గృహలక్ష్మి కన్న పదేళ్లు పెద్దదైన మరొక చట్టంలో ఉన్నది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, అర్హత గల ప్రతి కుటుంబంలోను పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీలలో అందరికన్న పెద్దామె రేషన్ కార్డు విషయంలో కుటుంబ పెద్ద. మగవారు ఎందరున్నా, వారిలో సంపాదించేవారు ఎవరైనా, కార్డుపై పెద్ద ఆమెయే. గృహలక్ష్మి ఈ వరుసనే అనుసరించింది. కాబట్టి ఒకే కార్డుపై ఉన్న ఇంట అత్తగారి పేరు ముందుంటే సొమ్ము అత్తగారికే చేరుతుంది. ఇందులో కోడలికి జరిగిన అన్యాయమేమీ లేదు, అత్తగారి కుతంత్రమూ లేదు. వేరు కాపురం పెట్టుకొన్నవారు వేరు కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చును గాని, కొత్త కార్డుల స్వీకరణ ఎల్లవేళలా సాగేది కాదు. శాఖ అవకాశం ఇచ్చినప్పుడే కుదురుతుంది. ఈలోగా ఒక వంటగదిలో ఇద్దరు స్త్రీలను ఒకరిపై ఒకరిని ఉసిగొల్పి పక్కన కూర్చునే మగవారు కూడా లేకపోలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు అన్న సామెత తెలుగులో ఎప్పటినుండో ఉన్నది. ఇక్కడ అల్లుడి స్థానంలో కొడుకు కూర్చున్నాడంతే.

వీధి కొళాయి దగ్గరా టీ అంగడి ముందూ వినిపించే వాదం ఇంతకన్న విస్తృతమైనది. ఆడవారికి డబ్బు ఇవ్వడం వల్ల ఇంట్లో మగవాడి మాట చెల్లకుండా పోతున్నదని, కాపురాలలో కలతలు పుడుతున్నవని ఒక పక్షం. ఇచ్చిన సొమ్ము చివరకు మద్యం దుకాణానికే చేరుతున్నది గనుక ఇవ్వడమే దండుగ అని మరో పక్షం. మొదటి వాదంలో ఒక చిన్న లోపం ఉన్నది. నెలకు రెండు వేల రూపాయలతో కూలిపోయే అధికారం అంతకు ముందు కూడా అంత గట్టిదేమీ కాదు. రెండవ వాదాన్ని మాత్రం తేలికగా తీసిపారవేయలేము. అయితే దానికి తెలుగు స్త్రీలు ఎన్నడో ఒక సమాధానం చెప్పి ఉన్నారు. 1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం సారాంశం ఇదే. కూలి డబ్బు, సారా దుకాణం, వీపు మీద దెబ్బ, ఈ మూడూ ఒకే గొలుసులోని కడియాలని ఆ స్త్రీలు గుర్తించారు. ఫలితంగా 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. కర్ణాటక సారాను 2007 జూలై 1 నుండి నిషేధించింది. మద్యం రూపం మారింది, గొలుసు మాత్రం తెగలేదు. ఆ గొలుసులో ఆడవారి చేతికి అందే డబ్బును తగ్గించమని నెల్లూరు స్త్రీలు ఎన్నడూ అడగలేదన్నది గుర్తుంచుకోదగినది.

ఇక సొమ్ము ఏ దారిన వస్తుందో చూడాలి. కలహాలలో చాలా భాగం ఈ దారి తెలియకపోవడం వల్ల వస్తున్నవే. ఆధార్ ఆధారంగా జరిగే జమలన్నీ ఆ స్త్రీ ఆధార్ సంఖ్యతో చివరిసారిగా అనుసంధానమైన బ్యాంకు ఖాతాకే వెళతాయి. ఆమెకు మూడు ఖాతాలున్నా, అర్జీలో ఒకటి రాసినా, సొమ్ము చేరేది చివర అనుసంధానమైన దానికే. ఎవరో వెంటబెట్టుకొని వెళ్లి తమకు అనుకూలమైన చోట కొత్త ఖాతా తెరిపించి, ఆధార్‌తో ముడి పెట్టిస్తే, అప్పటినుండి జమలు అటు మళ్లుతాయి. దీనిని సరిచేయడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. తనకు కావలసిన బ్యాంకు శాఖకు ఆమె స్వయంగా వెళ్లి, ఆధార్ అనుసంధానపు పత్రం నింపి ఇస్తే తదుపరి జమలు అక్కడికి వస్తాయి. రెండవది ఫోను నంబరు. ఖాతా ఆమెదే అయినా, బ్యాంకులో నమోదైన నంబరు భర్తది లేదా కొడుకుది అయితే డబ్బు వచ్చిన కబురు వారికే ముందు తెలుస్తుంది, రహస్య సంఖ్య వారికే చేరుతుంది. పేరు ఆమెది, తాళంచెవి వేరొకరిది. తన సొంత నంబరును నమోదు చేయించుకోవడం, ఏటీఎం కార్డు రహస్య సంఖ్యను మార్చుకోవడం, పాస్‌బుక్కులో మూడు నెలలకు ఒకసారైనా అచ్చు వేయించుకోవడం చాలా చిన్న పనులు. కాని రేపు ఏదైనా విచారణ అవసరమైతే ఆ పాస్‌బుక్కు పుటలే మొదటి సాక్ష్యం.

ఇక్కడ వలస కుటుంబాలకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉన్నది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, పాలమూరు ప్రాంతాల నుండి వచ్చి రేషన్ కార్డును ఊళ్లోనే ఉంచుకొన్నవారికి గృహలక్ష్మి వర్తించదు. ఒక దేశం, ఒక రేషన్ కార్డు ఏర్పాటు కింద ఆహార భద్రతా చట్టం ప్రకారం రావలసిన ధాన్యాన్ని బెంగళూరు రేషన్ అంగడిలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. అయితే ఆ ఏర్పాటు ధాన్యానికే గాని, ఒక్కొక్క రాష్ట్రం తన సొంత ఖజానా నుండి ఇచ్చే నగదుకు కాదు. రెండు రాష్ట్రాలలో రెండు కార్డులు ఉంచుకోవడం చెల్లదు. 2023 జూన్ 11న ప్రారంభమైన శక్తి పథకం కింద ఉచిత బస్సు ప్రయాణం సైతం కర్ణాటక నివాసులైన స్త్రీలకే. అందుచేత ఊళ్లో కార్డు ఉంచుకోవడమా, ఇక్కడికి మార్చుకోవడమా అన్నది ఇల్లాలు, ఇంటివారు కలిసి లెక్క వేసుకొని తేల్చుకోవలసిన విషయం. ఒక మాట మాత్రం స్పష్టం. సంక్షేమ పథకానికి అర్హత లేకపోయినా రక్షణ చట్టానికి అర్హత పోదు. పథకానికి కార్డు కావాలి, చట్టానికి కార్డు అక్కర లేదు.

ఆ చట్టం పేరు గృహహింస నుండి మహిళలకు రక్షణ చట్టం, 2005. అది 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. హింస అనగానే దెబ్బలే గుర్తుకు రావడం సహజం. కాని ఈ చట్టంలోని 3వ సెక్షన్ నాలుగు రకాల హింసను గుర్తిస్తుంది. శారీరక, లైంగిక హింసలు మొదటి రెండు. మాటలతోను అవమానాలతోను మనసును నొప్పించడం మూడవది. నాలుగవది ఆర్థిక హింస. ఈ నాలుగవదాని గురించి తెలుగు ఇళ్లలో మాట్లాడుకోవడం చాలా తక్కువ.

ఆర్థిక హింస అంటే ఏమిటి? స్త్రీకి చట్టం వల్లగాని ఆచారం వల్లగాని దక్కవలసిన డబ్బును, లేదా ఆమెకూ పిల్లలకూ అవసరమైన డబ్బును దక్కకుండా చేయడం. ఇంటి ఖర్చులు ఇవ్వకపోవడం, అద్దె కట్టకుండా విడిచిపెట్టడం ఇందులోకి వస్తాయి. పుట్టింటివారు పెట్టిన బంగారాన్ని ఆమెకు చెప్పకుండా కుదువ పెట్టడం, అమ్మివేయడం కూడా వస్తాయి. ఆ బంగారం స్త్రీధనం. గాజులు బీరువాలో ఉన్నంత మాత్రాన బీరువా తాళం ఉన్నవాడి సొత్తు కాదు. ఆమె ఖాతాలో పడిన సొమ్మును ప్రతినెలా బలవంతంగా లాగుకోవడం, పాస్‌బుక్కునూ కార్డునూ దాచివేయడం, అడిగితే తిట్టి కొట్టడం ఈ నిర్వచనపు పరిధిలోకి రాగలవే. ఇక్కడ ఒక వివేచన అవసరం. ఒక నెల అద్దెకు తక్కువైతే భార్య సొమ్ము అడిగి తీసుకొన్నవాడిని చట్టం హింసకుడని అనదు. జరిగినదాన్ని విడివిడిగా కాక, మొత్తం పరిస్థితులను కలిపి చూడాలని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉన్నది. అడగడానికీ లాగుకోవడానికీ గల భేదం కాపురం చేసేవారికి వేరొకరు చెప్పనక్కర లేదు.

ఈ చట్టం భార్యలకు మాత్రమే అన్న అభిప్రాయం కూడా సరికాదు. తల్లి, అక్క, చెల్లెలు, వితంతువైన వదిన, పెళ్లితంతు లేకుండా కలిసి కాపురం చేస్తున్న స్త్రీ, వీరందరూ దీని నీడలోకి వస్తారు. అందువల్ల పై వాదంలో అత్తగారి పక్షం కూడా ఉన్నది. కొడుకు తన గృహలక్ష్మి సొమ్ము లాగుకొని కొడుతుంటే ఆ తల్లి సైతం ఇదే చట్టాన్ని ఆశ్రయించవచ్చు. దానితోపాటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఉన్నది. వృద్ధుల సహాయవాణి నంబరు 14567. మరోవైపు, కోడలిని హింసించే అత్తగారిపై కూడా అర్జీ పెట్టవచ్చునని 2016లో సుప్రీంకోర్టు తీర్పుతో స్పష్టమైంది. అయితే హింసించిన పురుషుని ఇంటినుండి బయటకు పంపమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చును గాని, స్త్రీని అలా పంపివేసే ఉత్తర్వు ఇవ్వడానికి ఈ చట్టంలో వీలు లేదు. ముసలి అత్తగారిని వీధిన పడవేస్తారేమో అని వెనుకాడే కోడళ్లకు ఈ సంగతి తెలియడం మంచిది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా గడప దాటి మాట బయటకు రాకపోవడానికి మూలం ఎక్కడున్నది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుండి 49 ఏళ్ల వయసులో వివాహమైన స్త్రీలలో భర్త చేతి హింసను ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినవారు కర్ణాటకలో 44.4 శాతం, తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవారిలో సహాయం కోరినవారు 14 శాతమే. ఎవరికీ చెప్పుకోనివారు 77 శాతం. అదే సర్వే మరొక ప్రశ్న వేసింది. భర్త భార్యను కొట్టడం ఏ సందర్భంలోనైనా సమర్థనీయమా? ఏదో ఒక కారణానికి సమర్థనీయమే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, కర్ణాటకలో 76.9 శాతం. కర్ణాటక పురుషులలో ఆ మాట అన్నవారు 81.9 శాతం. వంట సరిగా చేయకపోవడం, చెప్పకుండా బయటకు వెళ్లడం, ఎదురు మాట్లాడడం, అత్తమామలను గౌరవించకపోవడం ఆ సర్వే వరుసగా అడిగిన కారణాలలోనివి. దెబ్బ తిన్న స్త్రీ పోలీసు స్టేషనుకు వెళ్లడానికి ముందు దాటవలసినది తన సొంత తల్లి, తోడికోడలు, పక్కింటి ఇల్లాలు చెప్పే ఈ తీర్పునే.

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతను ఈ సందర్భంలో తరచు ఉదాహరిస్తారు. విభీషణుడు గుట్టు బయటపెట్టడం వల్ల లంక నశించిందని దాని భావం. లంక చేటుకు మొదటి కారణం పరాయి ఇల్లాలిని చెరబట్టిన లంకాధిపతి అన్న విషయం మాత్రం ఆ ఉదాహరణలో ఎందుకో జారిపోతుంది.

గుట్టు బయటకు వచ్చినా మొదట చేరేది పెద్దమనుషుల దగ్గరికే. ఊళ్లో అయితే కులపెద్ద, బెంగళూరు నిర్మాణ స్థలంలో అయితే మేస్త్రి. మేస్త్రి మాటకు విలువ ఉన్నది. వారం బట్వాడా ఆయన చేతి మీదుగా జరుగుతుంది, ఊరి నుండి జోడీలను తెచ్చినవాడూ ఆయనే. చిన్న తగవులను సర్ది పంపిన మంచి మేస్త్రులు ఎందరో ఉన్నారు. కాని ఆలుమగల జోడీ పని ఆగిపోతే మొదట నష్టపోయేవాడు కూడా ఆయనే గనుక, ఆయన తీర్పు సాధారణంగా ‘సర్దుకుపోండి’ అన్న దగ్గర ఆగుతుంది. తెల్లకాగితంపై భర్త చేత రాయించుకొనే ‘ఇకపై కొట్టను’ అన్న హామీకి మేజిస్ట్రేటు ఉత్తర్వుకున్న బలం ఉండదు. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాగితాన్ని ఉల్లంఘిస్తే మరొక కాగితం.

అన్నిటికన్న ఎక్కువగా స్త్రీలను ఆపివేసే భయం మరొకటి ఉన్నది. ఫిర్యాదు చేస్తే భర్త జైలుకు పోతాడు, బట్వాడా ఆగిపోతుంది, పిల్లలకు తిండి ఉండదు అన్న భయం. ఈ భయాన్ని తక్కువ చేసి మాట్లాడడం పొట్ట నిండినవారి పని. అయితే రెండు చట్టాలను వేరుచేసి చూడాలి. భర్తగాని అతని బంధువులుగాని చేసే క్రూరత్వానికి మూడేళ్ల వరకు శిక్ష విధించేది భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షన్. పూర్వం అందరికీ తెలిసిన 498-ఎ అదే. గృహహింస చట్టం దారి వేరు. అది మొదట శిక్షను కాదు, రక్షణను ఇస్తుంది. కొట్టరాదు, ఆమె పని చేసే చోటికి వెళ్లి అల్లరి చేయరాదు, ఇంటినుండి వెళ్లగొట్టరాదు, ఇంత ఖర్చు ఇవ్వాలి, పిల్లలు ఆమె దగ్గర ఉండాలి అని మేజిస్ట్రేటు ఆదేశిస్తారు. జైలు ప్రసక్తి ఆ ఆదేశాన్ని మీరినప్పుడే వస్తుంది. ఇవ్వమన్న డబ్బు భర్త ఇవ్వకపోతే, అతనికి కూలి ఇచ్చే యజమానినే ఆ కూలిలో కొంత భాగం నేరుగా ఆమెకు చెల్లించమని ఆదేశించే అధికారం 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉన్నది. బట్వాడా మీద బతికే కుటుంబాలకు ఇంతకన్న ఉపయోగకరమైన నిబంధన ఈ చట్టంలో మరొకటి లేదు. దీని గురించి తెలిసినవారు మాత్రం అతి కొద్దిమంది.

‘ఇక్కడ మనకెవరున్నారు, ఊరికి వెళ్లి అక్కడే తేల్చుకొందాం’ అన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. పెళ్లి హిందూపురంలో జరిగినా, అత్తవారిల్లు మదనపల్లెలో ఉన్నా, ఆమె తాత్కాలికంగానైనా నివసిస్తున్న చోటి కోర్టుకు అర్జీ పెట్టవచ్చునని 27వ సెక్షన్ చెబుతున్నది. అక్కడ వచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. తాము కలిసి ఉంటున్నది అద్దె ఇల్లయినా, అద్దె ఒప్పందం భర్త పేరిటనే ఉన్నా, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉన్నది. అత్తమామల సొంత ఇల్లు సైతం ఉమ్మడి కాపురపు ఇల్లు కావచ్చునని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

కర్ణాటకలో ఈ చట్టం కింద రక్షణాధికారి బాధ్యతను శిశు అభివృద్ధి పథకాధికారులు నిర్వహిస్తారు. అంగన్‌వాడీలను పర్యవేక్షించే అధికారి అన్నమాట. కాబట్టి ఎక్కడికి వెళ్లాలో తెలియని స్త్రీ తన వీధి అంగన్‌వాడీ కార్యకర్తను అడిగినా దారి దొరుకుతుంది. రక్షణాధికారి ఆమె చెప్పినదాన్ని గృహహింస నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. ఆ నివేదిక లేకుండా ఆమె నేరుగా కోర్టుకు అర్జీ పెట్టుకొన్నా చెల్లుతుంది. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజులలోపు జరగాలని, అరవై రోజులలో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం ఆశిస్తుంది. కోర్టుల రద్దీలో ఈ గడువులు దాటిపోవడం కద్దు. అందుకే అత్యవసరమైతే మధ్యంతర ఉత్తర్వు కోరాలి. వకీలు ఖర్చుకు వెనుకాడనక్కర లేదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అందుకు నంబరు 15100. ఆపద క్షణంలో 112, మహిళా సహాయవాణి 181, పిల్లల విషయమైతే 1098. వైద్యం, తాత్కాలిక ఆశ్రయం, సలహా ఒకేచోట ఇచ్చేవి ‘సఖి’ కేంద్రాలు. ఎక్కువ కాలం ఉండవలసినవారికి ‘శక్తి సదన్’ అనే ఆశ్రయ గృహాలున్నాయి. ఉచిత బస్సు పథకం పేరు కూడా శక్తియే గనుక, ‘శక్తి ఎక్కడ’ అని మాత్రమే అడిగితే బస్సు స్టాపు చూపించే ప్రమాదం ఉన్నది.

పక్కింటివారి సంగతి కూడా చెప్పాలి. హింస జరుగుతున్నదని నమ్మిన ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సద్బుద్ధితో ఇచ్చిన సమాచారానికి వారిపై ఏ కేసూ నిలవదని 4వ సెక్షన్ హామీ ఇస్తున్నది. గోడ అవతలి కేకలు విని టీవీ శబ్దం పెంచుకొనే ఇరుగుపొరుగుకు ‘మనకెందుకు, రేపు మన మీదకు వస్తుంది’ అన్న సాకు చట్టరీత్యా లేదు.

మిగిలినది మళ్లీ భాషే. ఫిర్యాదు ఫలానా భాషలోనే చెప్పాలన్న నిబంధన గృహహింస చట్టంలో లేదు. తెలుగులో చెప్పవచ్చు, తెలుగు తెలిసినవారు ఉన్నారా అని మొదటే అడగవచ్చు. కాని అవతలివారి నోట వచ్చే కొన్ని మాటలు తెలిసి ఉండడం అవసరం. చూడడానికి తెలుగు మాటల్లా ఉండి వేరు అర్థాన్నిచ్చేవి కొన్ని ఉన్నాయి. తెలుగులో దూరడమంటే నిందించడం, లేదా లోపలికి చొరబడడం. కన్నడంలో ‘దూరు’ అంటే ఫిర్యాదు. ‘దూరు కొడి’ అని ఆఫీసులో అంటే ఫిర్యాదు ఇవ్వమని చెప్పడమే, ఎవరినో తిట్టమని కాదు. ‘కౌటుంబిక దౌర్జన్య’ అంటే గృహహింస. తెలుగులో దౌర్జన్యం అనగానే వీధి రౌడీలు గుర్తుకు వస్తారు గనుక, తన ఇంట్లో జరిగినదానికి ఆ మాట వర్తిస్తుందని స్త్రీకి తోచకపోవచ్చు. ‘సంత్రస్తె’ అంటే బాధితురాలు. ‘జీవనాంశ’ అంటే మనోవర్తి. ‘తవరు మనె’ అంటే పుట్టిల్లు. ‘యజమానరు’ అని గౌరవంగా అడిగితే ఆమె భర్తను గురించి అడుగుతున్నారని, ‘యజమాని’ అంటే ఆమెను గురించేనని ముందే చెప్పుకొన్నాము.

పోలీసు స్టేషనులో నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి రాసి, చెప్పినవారికి చదివి వినిపించి, ఆ తరువాతనే సంతకం తీసుకోవాలి. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ నియమం అది. ఏ స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు స్వీకరించాలన్నదీ, నమోదైన సమాచారపు ప్రతిని ఉచితంగా ఇవ్వాలన్నదీ అందులోనివే. కన్నడ లిపి చదవలేనివారు తొందరపడి వేలిముద్ర వేయకుండా ‘ఓది హేళి’ అనాలి. చదివి చెప్పండి అని అర్థం.